లుక్ ఫార్వర్డ్ టు: హెచ్ఆర్‌కి సరే, ఇంటి ఓనర్‌కి వద్దు

తమ్ముడూ, ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అనాలా, ‘మీటింగ్ యూ’ అనాలా అని అడిగావు. మీటింగే. ఇక్కడి ‘టు’ ప్రిపొజిషన్, కాబట్టి దాని వెనక నామవాచకమో, ఇంగ్ రూపమో రావాలి. అనుమానం వస్తే ‘టు’ పక్కన ‘ఇట్’ పెట్టి చూడు. ‘లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ అతుకుతుంది, ‘హోప్ టు ఇట్’ అతకదు. అందుకే ‘హోప్ టు మీట్’. మిగతాది ఏ డిక్షనరీలోనైనా ఉంటుంది.

ఎక్కడ వాడాలన్నదే అసలు తంటా. ఇంటర్వ్యూ తేదీ ఖాయమైతే లుక్ ఫార్వర్డ్. పిలుస్తారో లేదో తెలియకపోతే హోప్. డబ్బు దగ్గర మాత్రం రెండూ వద్దు.

నేను బెంగళూరు వచ్చిన కొత్తలో, మారతహళ్లిలో ఇల్లు ఖాళీ చేసి ఓనర్‌కి మెయిల్ పెట్టాను: ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు గెట్ మై అడ్వాన్స్.’ పది నెలల అద్దె అది, ఊళ్లో నాన్న సర్దిన డబ్బు. ఆయనకి నా గ్రామర్ తప్పూ కనబడలేదు, నా అవసరమూ కనబడలేదు. పండగకి ఎదురుచూస్తున్నట్టు రాశాను, ఆయన పండగ వెళ్లేదాకా ఆగాడు. మళ్లీ ‘గెట్’ని ‘గెటింగ్’ చేసి పంపాను. ఇంగ్లీషు బాగుపడింది, డబ్బు రాలేదు. చివరికి ఆఫీసులో ఒక సీనియర్ కూర్చోబెట్టి ‘ప్లీజ్ ట్రాన్స్‌ఫర్ ద బ్యాలెన్స్ బై ఫ్రైడే’ అని రాయించారు. అప్పుడు పడింది, పెయింటింగ్ కింద ఒక నెల అద్దె కోసుకుని. ఇప్పుడు మా టీమ్ మెయిళ్లు నేనే దిద్దుతున్నాననుకో, అది వేరే సంగతి.

మీ తరానికి మెయిల్ ఫోనే రాసిపెడుతుంది. అడ్వాన్సు మాత్రం నువ్వే రాబట్టుకోవాలి. ఇక్కడ అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకే రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి. పెయింటింగుకి ఎంత కోస్తారో, మిగతాది ఎన్ని రోజుల్లో ఇస్తారో అందులోనే రాయించుకో. నోటిమాట నమ్మకు, ఓనర్ మన తెలుగాయనే అయినా సరే.

హెచ్ఆర్‌కి ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు జాయినింగ్ ద టీమ్’ చాలు. ఊరు మారే ఖర్చుకి కంపెనీ ఇచ్చే రీలొకేషన్ డబ్బు ఎప్పుడిస్తారో మాత్రం తేదీ కన్ఫర్మ్ చేయమని సూటిగా అడుగు. మొదటి జీతం పడేదాకా పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్లోనే ఉండు, ఇల్లు తర్వాత చూద్దువు.