అమ్మలుకీ అల్లుడుగారికీ, అడవుల దారి గురించి

చిరంజీవి అమ్మలుకి, అల్లుడుగారికి పెద్దమ్మ ఆశీస్సులు.

దేశంలో ఉన్న నేషనల్ పార్కులన్నీ ఇద్దరూ కలిసి చూడాలనుకుంటున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. మీ పెదనాన్న రిటైరైన ఏడాది మేమూ ఇలాగే బయలుదేరాం. పదహారేళ్ళలో నలభై మూడు చూశాం. ఇప్పుడు ఆయన మోకాళ్ళు సహకరించడం లేదు కాబట్టి మిగిలినవి మీరు చూసొచ్చి మాకు చెప్పాలి.

ముందు జాబితా సరిగ్గా రాసుకోండి. మన దేశంలో నేషనల్ పార్కులు వందకు పైనే ఉన్నాయి. అభయారణ్యం వేరు, టైగర్ రిజర్వ్ వేరు, నేషనల్ పార్క్ వేరు. చాలామంది శ్రీశైలం అడవినీ కవ్వాల్‌నీ కలిపేసి లెక్క వేస్తారు. అవి టైగర్ రిజర్వులు, మీ లెక్కలోకి రావు. అయినా వెళ్ళండి, నల్లమల చూడకుండా ఉండకూడదు.

మొదలుపెట్టడానికి విమానం ఎక్కక్కర్లేదు. మీరుండే హైదరాబాద్‌లోనే మూడున్నాయి: కేబీఆర్ పార్కు, చిలుకూరు దగ్గర మృగవని, వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి. కేబీఆర్‌లో రోజూ వాకింగ్ చేసేవాళ్ళలో కూడా అది నేషనల్ పార్కని తెలియనివాళ్ళున్నారు. హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటకు వెళ్ళిన చోటు. ఇప్పుడక్కడ కృష్ణజింకలు తిరుగుతాయి. నాలుగైదు ఆదివారాలు పొద్దున్నే అక్కడికి వెళ్ళి, మాట్లాడకుండా గంటసేపు కూర్చోవడం అలవాటు చేసుకోండి. బైనాక్యులర్ పట్టుకోవడం కూడా అక్కడే వస్తుంది. ఆ తర్వాత తలకోన వెళ్ళండి, అది శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కులోనే ఉంది. పాపికొండలు ఎలాగూ ఉన్నాయి. కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఇంకొకటి, చాలా చిన్నది.

ఇక అసలు విషయం. మీ ఆఫీసు సెలవులను బట్టి ప్లాన్ వేయకండి. అడవి ఎప్పుడు తెరుస్తారో చూసి సెలవు పెట్టండి. మేం చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే. దసరా సెలవులు కలిసొస్తాయని అక్టోబర్ మొదటి వారంలో గిర్‌కి టికెట్లు కొన్నాను. గిర్ జూన్ 16 నుంచి అక్టోబర్ 15 దాకా మూసేస్తారు. అంత దూరం వెళ్ళి, సింహాలున్న అడవిని గేటు బయట నిలబడి చూసి వచ్చాం. మీ పెదనాన్న ఒక్క మాట అనలేదు, నాకు మాత్రం ఇప్పటికీ బాధే.

కాన్హా, బాంధవ్‌గఢ్, పెంచ్ లాంటి మధ్యప్రదేశ్ అడవుల్లో కోర్ ఏరియా, అంటే లోపలి అడవి, జులై నుంచి సెప్టెంబర్ దాకా మూత. మిగతా నెలల్లో కూడా బుధవారం సాయంత్రం సఫారీ ఉండదు. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్‌లో ఢికాలా అనే భాగం తెరిచేది నవంబర్ 15 నుంచే. కజిరంగా వానల్లో మునుగుతుంది, చలికాలంలో వెళ్ళాలి. కేరళలోని ఎరవికుళంలో నీలగిరి తార్ మేకలు ఈనే రోజుల్లో, అంటే ఫిబ్రవరి, మార్చిలలో మనుషుల్ని రానివ్వరు. మరి వానాకాలంలో ఎక్కడికి? ఉత్తరాఖండ్ పూల లోయకి. అది జూన్ నుంచి అక్టోబర్ దాకానే తెరిచి ఉంటుంది, పూలు నిండుగా ఉండేది జులై, ఆగస్టుల్లో. మోకాళ్ళు బాగున్నప్పుడే అది చూసేయండి. లోయకి ముందుండే ఘాంఘరియా ఊరి దాకా నడక గట్టిదే. గుజరాత్ మెరైన్ పార్కుకి నెల ఒక్కటే చూస్తే చాలదు, పోటు, ఆటు వేళలు చూసుకోవాలి. నరారా దగ్గర నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడే పగడాల మధ్య నడవగలం.

ఎత్తుల విషయంలో పంతం పట్టకండి. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. దిగగానే రెండు రోజులు ఊరికే పడుకోవాలి. మేం ఒక రోజు మిగుల్తుందని మర్నాడే హెమిస్ నేషనల్ పార్కు వైపు బయలుదేరాం. ఆ రాత్రి ఆయనకి ఊపిరి ఆడక ఆక్సిజన్ పెట్టించాల్సి వచ్చింది. అంత భయం నేను జీవితంలో పడలేదు. మంచుచిరుతను చూడకుండానే దిగొచ్చేశాం.

ఈశాన్యంలో అరుణాచల్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్‌లకు ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే బయటి రాష్ట్రాలవాళ్ళు లోపలికి వెళ్ళడానికి అనుమతి, తీసుకోవాలి. మణిపూర్‌కి పరిస్థితులు కనుక్కునే వెళ్ళండి. కానీ జాబితాలోంచి కొట్టేయకండి. అక్కడి లోక్‌తక్ సరస్సులో కైబుల్ లామ్‌జావో నేషనల్ పార్కు ఉంది. గడ్డీ వేళ్ళూ మట్టీ పేరుకుని నీళ్ళ మీద తేలే నేల అది, అక్కడివాళ్ళు ఫుమ్‌డి అంటారు. సంగాయ్ జింక సహజంగా బతికే చోటు ప్రపంచంలో అదొక్కటే. 1975లో లెక్కపెడితే పద్నాలుగే మిగిలాయి. తెల్లవారుజామున ఆ గడ్డిలో ఒక సంగాయ్ తలెత్తి చూసింది. నా నలభై మూడిట్లో ఒక్క ఉదయాన్ని ఎంచుకోమంటే అదే.

పులి కోసమే వెళ్ళకండి. పులి కనిపించలేదని గైడ్ మీద విసుక్కునేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో 2009 నాటికి ఒక్క పులి కూడా మిగల్లేదు. వేరే అడవుల నుంచి తెచ్చి వదిలితే మళ్ళీ పిల్లలు పుట్టాయి. కాన్హాలో బారసింగా జింకలు 1970లో అరవై ఆరే ఉండేవి. ఇప్పుడు మైదానంలో మందలుగా మేస్తుంటే చూశాం. ఆ సంగతి తెలిసి చూస్తే ఆ మందే చాలు. దుప్పి అరిచినా, కొండముచ్చు చెట్టు మీద నుంచి ఖర్రుమన్నా జీపు ఆపించి వినండి.

కొన్ని చోట్లకి మీరు వెళ్ళలేరు. దీనికి ముందే మనసు సిద్ధం చేసుకోండి. ఉత్తరాఖండ్‌లోని నందాదేవి పార్కు లోపలి భాగం 1980ల నుంచి మూసే ఉంది. గ్రేట్ నికోబార్ దీవిలో రెండు పార్కులున్నాయి, అది షోంపెన్ గిరిజనులు బతికే అడవి, టూరిస్టుల్లా తిరిగే చోటు కాదు. లెక్క పూర్తి కావాలని అడ్డదారులు వెతక్కండి. వాటి ఎదుట ‘వెళ్ళలేదు’ అని రాసుకోండి. మా నోట్‌బుక్‌లోనూ అలాగే ఉంది.

ఇద్దరూ ఒకే తీరుగా చూడరు, అది గొడవ కాకుండా చూసుకోండి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల పార్కులో ఆయన ఒక్క కొంగ దగ్గర గంటన్నర నిలబడితే నాకు కోపం వచ్చింది. రిక్షా అబ్బాయి నన్ను పక్కకి తీసుకెళ్ళి, చెట్టు తొర్రలో నిద్రపోతున్న గుడ్లగూబను చూపించాడు. అప్పట్నుంచి ఒక పూట ఎవరి దారి వాళ్ళది అనుకున్నాం. తెల్లవారుజామున నాలుగింటికి లేచే ప్రయాణాలు కదా, మూడు రోజులకొకసారి ఒక రోజు ఖాళీగా ఉంచండి.

అమ్మలూ, పర్మిట్‌కి ఇచ్చిన ఐడీ కార్డు ఒరిజినల్ వెంట ఉండాలి, లేకపోతే గేటు దగ్గర ఆపేస్తారు. తెల్ల బట్టలు వద్దు, సెంటు అసలే వద్దు. పెదనాన్న తన బైనాక్యులర్ తుడిచి, కొత్త తాడు కట్టి మీకోసం బల్ల మీద పెట్టారు. వచ్చే ఆదివారం భోజనానికి వచ్చి తీసుకెళ్ళండి. మా నోట్‌బుక్ కూడా అప్పుడే ఇస్తాను.

మీ పెద్దమ్మ