డయల్ మీద రాతలకు అర్థమేమిటి?
(పాఠకుల ప్రశ్నలు – బరంపురం వాచీ మెకానిక్ జవాబులు)

ప్రశ్న: మా అల్లుడు దుబాయ్ నుంచి నాకో స్విస్ వాచీ తెచ్చాడు. డయల్ మీద ఆటోమేటిక్, 25 జ్యువెల్స్ అని ఉంది. వెనక మూత మీద 50 మీటర్లు, సఫైర్ అని చెక్కి ఉంది. లోపల కెంపులున్నాయి, బోలెడు విలువని మా బావగారు అంటున్నారు. జ్వరమొచ్చి రెండు రోజులు తీసి పక్కన పెడితే ఆగిపోయింది. పైగా రోజుకు ఎనిమిది సెకన్లు ముందుకు పోతోంది. చెడిపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. దీన్ని పెట్టుకుని గోపాలపూర్‌లో సముద్ర స్నానం చేయొచ్చా?
– ఒక రిటైర్డ్ మాస్టారు, పర్లాకిమిడి

జవాబు: మాస్టారూ, మీ వాచీకి ఏమీ కాలేదు. ఆటోమేటిక్‌కి బ్యాటరీ ఉండదు. లోపల రోటర్ అనే అర్ధచంద్రాకారపు బరువు ఒకటుంటుంది. మీ చెయ్యి కదిలినప్పుడల్లా అది తిరిగి మెయిన్ స్ప్రింగ్‌ని చుడుతుంది. చేతికి లేకపోతే చాలా వాచీలు 40 గంటల దాకా నడిచి ఆగిపోతాయి. పక్కనున్న క్రౌన్‌ని (టైం పెట్టే చిన్న గుండీ) ఓ ఇరవై ముప్ఫై చుట్లు మెల్లగా తిప్పి, టైం పెట్టుకుని కట్టుకోండి. ఒక్క జాగ్రత్త: ముళ్లు రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజామున మూడుకీ మధ్య ఉంటే తేదీ మార్చకండి. అప్పుడు తేదీ మార్చే పళ్లచక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే పన్ను విరుగుతుంది.

చుట్టుకున్న స్ప్రింగ్ ఒక్కసారిగా విడిపోకుండా, చెరువు తూములా కొంచెం కొంచెంగా శక్తిని వదిలే భాగం ఎస్కేప్‌మెంట్. దాన్ని లయలో పెట్టేది బ్యాలెన్స్ వీల్, దానికున్న వెంట్రుకంత సన్నని హెయిర్ స్ప్రింగ్. ఇప్పటి స్విస్ ఆటోమేటిక్‌లు చాలావరకు గంటకు 28,800 సార్లు కొట్టుకుంటాయి, అంటే సెకనుకు ఎనిమిది. సెకన్ల ముల్లు జారుతున్నట్టు కనిపించేది అందుకే. బ్యాటరీ వాచీలో క్వార్ట్జ్ రాయి సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అంత నిలకడ చక్రాలకూ స్ప్రింగులకూ రాదు. ప్రత్యేకంగా పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే స్విస్ క్రోనోమీటర్లకే రోజుకు సగటున 4 సెకన్లు వెనక్కీ 6 సెకన్లు ముందుకీ పోయే వెసులుబాటు ఉంది. మీ ఎనిమిది సెకన్లకు దిగులు పడకండి.

కెంపుల మాట నిజమే, జ్యువెల్స్ అంటే అవే. కానీ అవి నగల్లో పెట్టే రకం కావు, ఫ్యాక్టరీలో తయారైనవి. 1902లో ఫ్రాన్స్‌లో వెర్నెయ్ అనే శాస్త్రవేత్త కృత్రిమ కెంపు తయారీని ప్రకటించాక చవకైపోయాయి. చక్రాల ఇరుసుల కొసలు వాటిలో తిరిగితే రాపిడి తక్కువ, అరుగుదల తక్కువ. మీ ఇంట్లో పాత హెచ్ఎంటీ జనతా ఉంటే దాని డయల్ చూడండి, 17 జ్యువెల్స్ అని ఉంటుంది. కీ ఇచ్చే వాచీకి అవి చాలు. ఆటోమేటిక్‌లో రోటర్‌కీ దాని చక్రాలకీ మరికొన్ని కావాలి. ఎక్కువ రాళ్లుంటే ఎక్కువ ఖరీదు అనుకోవద్దని బావగారికి చెప్పండి. ఖరీదంతా మూవ్‌మెంట్, అంటే లోపలి యంత్రం, పనితనంలో ఉంటుంది. సఫైర్ అనేది అద్దం సంగతి. దానికి గీతలు సులభంగా పడవు, కానీ రాతి నేల మీద పడితే పగలొచ్చు.

ఇక సముద్రం. వద్దు మాస్టారూ. 50 మీటర్లంటే అంత లోతుకు వెళ్లొచ్చని కాదు, అది కొత్త వాచీ మీద కదలని నీటి ఒత్తిడితో చూసిన పరీక్ష. కెరటం కొట్టినప్పుడు, చెయ్యి విసిరినప్పుడు పడే దెబ్బ వేరు. అలల్లోకి వెళ్లే వాచీకి కనీసం 100 మీటర్లు, మర బిగించే క్రౌన్ ఉండాలి. నీళ్లను ఆపేది క్రౌన్‌లోనూ వెనక మూత కిందా ఉండే రబ్బరు గాస్కెట్లే, అవి ఏళ్లు గడిస్తే గట్టిపడిపోతాయి. సముద్రంలో ముంచిన వాచీలు నా దగ్గరికొస్తే చాలాసార్లు క్రౌన్‌కి ఉండే సన్నని కాడ ఎర్రగా తుప్పు పట్టి ఉంటుంది. జనం చైను పాలిష్‌కి వందలు పెట్టి గాస్కెట్ మాత్రం మార్చరు, అదే నాకు బాధ. సర్వీసుకిస్తే ‘ప్రెషర్ టెస్ట్ చేస్తారా?’ అని తప్పకుండా అడగండి. ఎప్పుడైనా అద్దం లోపల ఆవిరి కనిపిస్తే ఎండలో పెట్టకండి, అదే రోజు మూత తీయించండి.

ప్రశ్న: క్రోనోగ్రాఫ్, క్రోనోమీటర్ ఒకటేనా? టూర్బియాన్‌కి అన్ని లక్షలెందుకు?
– ఒక విద్యార్థి, జయపురం

జవాబు: ఒకటి కాదు బాబూ. క్రోనోగ్రాఫ్‌లో స్టాప్‌వాచ్ ఉంటుంది, పక్కన రెండు బటన్లు చూసి గుర్తుపట్టొచ్చు. క్రోనోమీటర్ పైన చెప్పిన సర్టిఫికెట్ వాచీ, దాన్ని 15 రోజులు రకరకాల భంగిమల్లో, వేడిలో, చల్లదనంలో పరీక్షిస్తారు. టూర్బియాన్‌కి బ్రెగే అనే గడియారాల నిపుణుడు 1801లో పారిస్‌లో పేటెంట్ పొందాడు. జేబులో నిలువుగా ఉండే గడియారానికి భూమ్యాకర్షణ వల్ల వచ్చే తేడా పోగొట్టడానికి, బ్యాలెన్స్ వీల్‌నీ ఎస్కేప్‌మెంట్‌నీ ఒక చిన్న పంజరంలో పెట్టి తిప్పాడు. మణికట్టు ఎలాగూ అన్ని వైపులా తిరుగుతుంది కాబట్టి చేతివాచీకి దాని అవసరం తక్కువ. ఆ లక్షలు అంత చిన్న పంజరాన్ని చేత్తో కూర్చిన పనివాడి నేర్పుకి. ఆ నేర్పంటే నాకు ఎంతో గౌరవం. టైం కోసమే అయితే మాత్రం కొనక్కర్లేదు.