తలనొప్పి దాచుకోవద్దు, చిట్టీ

జయనగర్, బెంగళూరు
ఆదివారం రాత్రి

చిట్టీ,

నువ్వు హిమాచల్‌లో హంప్టా పాస్ అనే కనుమ దాటే కొండనడకకు పేరిచ్చావని మీ అమ్మ పెనుకొండ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, నువ్వన్నా వద్దని చెప్పు" అని బతిమాలింది. నేను వద్దనను. ముప్ఫై ఏళ్ళు కొండలు తిరిగినదాన్ని, నీకు వద్దని ఏ నోటితో చెప్పను? కానీ కొన్ని మాటలు వినాలి. ఫోన్‌లో చెప్తే ఊఁ ఊఁ అని వదిలేస్తావు, అందుకే రాస్తున్నా.

ముందు సెలవు సంగతి. శుక్రవారం ఆఫీసు నుంచి అటే విమానమెక్కి, ఢిల్లీలో రాత్రి బస్సు పట్టుకుని, మనాలీలో దిగిన రోజే నడక మొదలుపెడతారట కదా. అది నాకు నచ్చలేదు. లెక్క చూడు. మన బెంగళూరు 920 మీటర్ల ఎత్తు. మనాలీ సుమారు 2,050. మొదటి రాత్రి పడుకునే చీకా 3,100 దాకా ఉంటుంది. రెండో రాత్రి బాలూ కా ఘేరా, 3,600. మూడో రోజు 4,270 మీటర్ల పాస్ దాటి, అవతల షియాగోరులో 3,900 దగ్గర నిద్ర. 3,000 దాటాక పడుకునే చోటు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదని డాక్టర్లు చెప్తారు. అంత ఎత్తులో కూడా గాలిలో ఆక్సిజన్ వంతు 21 శాతమే, మారదు. గాలే పలచబడుతుంది. నాలుగు వేల మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో అరవై శాతం చిల్లర. ఆ లోటుకు ఒళ్ళు అలవాటు పడాలంటే కావాల్సింది కండబలం కాదు, రోజులు. కాబట్టి మేనేజరును ఇంకో రోజు అడుగు. మనాలీలో ఒక రాత్రి అదనంగా ఉండి, వశిష్ఠ్ ఊరి మీదుగా జోగినీ జలపాతం దాకా మెల్లగా నడిచి రా.

ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర గురించి అడిగావట. మామూలుగా 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎత్తు ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఒంటికి ఎక్కువసార్లు వస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్ళు జాగ్రత్తపడాలి. నీకు పడుతుందో లేదో డాక్టరే చెప్పాలి, వాట్సాప్ గ్రూపు కాదు.

ఇప్పుడు నేను మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పని సంగతి. 2012 సెప్టెంబరులో ఇదే దారిలో వెళ్ళాం. బ్యాంకులో నా పక్క సీటు ఆవిడా, నేనూ, ఇంకో ఎనిమిది మంది. బాలూ కా ఘేరాలో సాయంత్రం అన్నం, పప్పు పెట్టారు. ఆవిడ రెండు ముద్దలు తిని, మిగిలింది టెంటు వెనక్కి తీసుకెళ్ళి గొర్రెలకాపరి కుక్కకు పెట్టింది. నేను చూశాను. మధ్యాహ్నం నుంచి నుదురు పట్టుకుని నడవడమూ చూశాను. అడగలేదు. అడిగితే తలనొప్పి అంటుంది. అంటే గైడు ఆపేస్తాడు. ఆపితే తోడుగా నేనూ దిగిపోవాలి. ఏడాదంతా ఎదురుచూసిన పాస్ మర్నాడే ఉంది. ఆ లెక్కే నా మనసులో నడిచింది, చిట్టీ. ఆవిడ కూడా నా ప్రయాణం చెడుతుందనే దాచిందని తర్వాత తెలిసింది.

రాత్రి పదకొండుకు వాంతులు మొదలయ్యాయి. బయటికి వెళ్దామని లేచి, చదునైన నేల మీదే తూలి పడిపోయింది. గైడు టార్చి వెలుగులో నేల మీద గీత గీసి, మడమకు బొటనవేలు ఆనిస్తూ దాని మీద నడవమన్నాడు. మూడడుగులు కూడా వేయలేకపోయింది. మెదడు వాస్తోందనడానికి అది గుర్తు. తెల్లవారనిద్దామని మాలో ఒకరన్నారు. గైడు కుర్రాడు వినలేదు. గుర్రం మీద కూర్చోబెట్టి, చెరోపక్క ఒకరు పట్టుకుని, చీకట్లోనే చీకా శిబిరానికి, అక్కడి నుంచి నడక మొదలయ్యే జోబ్రాకు దించారు. దిగేకొద్దీ ఆవిడ మాట తేటపడుతూ వచ్చింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి కోలుకుంది. కొండలకు మాత్రం మళ్ళీ రాలేదు.

అందుకే చెప్తున్నా. తలనొప్పికి తోడు ఆకలి చచ్చినా, వికారంగా ఉన్నా వెంటనే గైడుకు చెప్పు, తగ్గేదాకా పైకి ఒక్క అడుగు వేయకు. నొప్పి మాత్ర మింగి, తగ్గిందనుకుని ఎక్కడం ఇంకా ప్రమాదం. కదలకుండా కూర్చున్నా ఆయాసం వచ్చినా, దగ్గుతో నురగ పడినా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. అదైనా, తూలడమైనా, అర్ధరాత్రి అయినా సరే కిందికి దిగాల్సిందే. నీ ఒక్కదాని సంగతే కాదు. పక్కవాళ్ళ పళ్ళెం కూడా చూడు. తినకపోతే అడుగు.

నీళ్ళ గురించి ఆడపిల్లవి కాబట్టి విడిగా చెప్పాలి. టెంటు బయట చలి, చీకటి, టాయిలెట్ టెంటు దూరం. అందుకని మనవాళ్ళు మధ్యాహ్నం నుంచే నీళ్ళు తాగడం మానేస్తారు. నేనూ చాలా ఏళ్ళు అదే చేశాను. ఒళ్ళు ఎండిపోతే నీరసం, తలనొప్పి. అది ఎత్తు వల్లో, నీళ్ళు లేకో తెలియక తికమక. రోజుకు మూడు లీటర్లు తాగు. తల టార్చి దిండు కింద పెట్టుకో, రాత్రి వెళ్ళాల్సి వస్తే టెంటులో ఉన్న అమ్మాయిని లేపు, మొహమాటపడకు. నెలసరి ఆ చలికి, అలసటకు తేదీ తప్పి ముందే రావచ్చు. తేదీ దూరంగా ఉన్నా ప్యాడ్లు పెట్టుకో. వాడినవి న్యూస్‌పేపరులో చుట్టి, జిప్ కవరులో వేసి, మనాలీ దాకా వెనక్కి తేవాలి. అక్కడ పూడ్చితే చలికి ఏళ్ళు గడిచినా కుళ్ళవు, కుక్కలు తవ్వి బయట పడేస్తాయి.

తిండి సహించదు, కాబట్టి నోటికి రుచి తగిలేది ఏదైనా ఉండాలి. మీ అమ్మ చేసే చెనిక్కాయల పొడి చిన్న డబ్బాలో తీసుకెళ్ళు. రొట్టెలో కాస్త చల్లుకుంటే ఇంకో రొట్టె దిగుతుంది. నువ్వుల ఉండలు జేబులో పెట్టుకో.

బూట్లు కొత్తవైతే ఇప్పటి నుంచే వేసుకు తిరుగు. మీ అన్న బూట్లు ఆరేళ్ళుగా అటక మీద ఉన్నాయి, అవి వద్దు. వాడకుండా ఉంచిన బూట్ల అడుగు లోలోపలే పెళుసెక్కి, దారి మధ్యలో ఊడి వచ్చేస్తుంది. కాళ్ళ గోళ్ళు వెళ్ళేముందు కత్తిరించు, దిగేటప్పుడు బొటనవేళ్ళు బూటు ముందుభాగానికి కొట్టుకుంటాయి. పత్తి బనియన్లు వద్దు, చెమట ఆరదు.

సాధనకు శివగంగ, సావనదుర్గ ఉన్నాయి. కానీ వారానికొక కొండ ఎక్కడం కన్నా రోజూ మెట్లు ఎక్కడం మేలు. ఆరు కిలోల సంచి వీపున వేసుకుని ఎక్కు, దిగు. దిగడం మరీ ముఖ్యం. పాస్ దాటాక షియాగోరు దాకా దిగుడు నిటారుగా ఉంటుంది, మోకాళ్ళు అరిగేది అక్కడే. నువ్వు పెనుకొండకు వెళ్ళినప్పుడు మన కొండ మీది నరసింహస్వామి గుడి దాకా పొద్దున్నే ఎక్కి రా. మీ తాతయ్య నాకు కొండ ఎక్కడం నేర్పింది ఆ దారిలోనే.

వాగులు పొద్దున్నే దాటాలి. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి, పొద్దున మోకాలి లోతున్న నీళ్ళు సాయంత్రానికి తొడల దాకా వస్తాయి. సంచి నడుము పట్టీ వదులు చేసి, చేతులు పట్టుకుని దాటండి. పడితే సంచి విడిపించుకోగలగాలి.

వాతావరణం విషయంలో గైడు వద్దంటే వద్దు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ సహస్రతాల్ దారిలో మంచుతుఫానులో చిక్కుకుని తొమ్మిది మంది పోయారు. అందరూ మన కర్ణాటక నుంచి వెళ్ళినవాళ్ళే, ఎక్కువమంది ఈ ఊరివాళ్ళే. ఆ వారమంతా నాకు అన్నం దిగలేదు. ఏళ్ళ తరబడి నడిచినవాళ్ళు ఉన్నారు అందులో. మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కిన మనిషి. అంతటివాడు 2015 మార్చిలో ఆండీస్ కొండల్లో ఒంటరిగా ఎక్కుతూ పోయాడు. కొండకు మన అనుభవం తెలియదు. ఫోటో కోసం కూడా గుంపును వదిలి ముందుకు గానీ పక్కకు గానీ వెళ్ళకు.

జోబ్రా దాటాక ఫోన్ పలకదు. నడక ముగిసే ఛత్రూలో దిగి, అటల్ టన్నెల్ మీదుగా మనాలీ చేరేది ఏ రోజో కాగితం మీద రాసి మీ అమ్మకు ఇవ్వు, ఒకరోజు అటూ ఇటూ కావచ్చని కూడా రాయి. లేకపోతే ఆమె మూడో రోజు నుంచే నాకు గంటకోసారి ఫోన్ చేస్తుంది.

నా దగ్గర రెండు నడక కర్రలు, ఉన్ని సాక్సులు ఉన్నాయి. వచ్చే ఆదివారం మారతహళ్ళి నుంచి వచ్చేటప్పుడు కొత్త బూట్లు వేసుకునే రా. లిఫ్టు ఎక్కకు. ఏడో అంతస్తు దాకా మెట్ల మీదే రా, తలుపు తీసిపెడతా.

మీ పెద్దమ్మ