సియాటిల్ చలికాలపు చీకటిని ఎలా తట్టుకోవాలి?

అడిగినవారు ఈ సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి సియాటిల్ పక్కనున్న బోథెల్‌కు మారారట. నవంబరు వచ్చేసరికి ఏ పని మీదా మనసు నిలవడం లేదు, సాయంత్రం నాలుగున్నరకే నిద్ర ముంచుకొస్తోంది, ఇక్కడ పాతబడినవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు అని ప్రశ్న. నాది గోదావరిఖని. ఎండాకాలం 45 డిగ్రీలు దాటినా ఎవరూ పెద్దగా పట్టించుకోని ఊరు. అక్కడి నుంచి వచ్చి సియాటిల్ పక్కనే బెల్‌వ్యూలో ఏళ్ల తరబడి ఉంటున్నాను కాబట్టి నాలుగు మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

ముందు చలి సంగతి వదిలేయండి. ఇక్కడి చలిని చికాగోలో ఉన్న మనవాళ్ల దగ్గర చలి అంటే నవ్వుతారు. వాన కూడా అసలు బాధ కాదు. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఇక్కడ న్యూయార్క్ కంటే తక్కువే కురుస్తుంది. కాకపోతే అక్కడ కురిసి వెళ్లిపోతుంది, ఇక్కడ సన్నటి తుంపర రోజుల తరబడి అలా రాలుతూనే ఉంటుంది. మనిషిని కుంగదీసేది మాత్రం వెలుతురు లేకపోవడమే. డిసెంబరు మూడో వారంలో పొద్దున ఎనిమిదికి గానీ సూర్యోదయం కాదు, సాయంత్రం నాలుగు ఇరవైకల్లా పొద్దు గూకుతుంది. హైదరాబాద్‌లో ఎంత పొట్టి రోజైనా పగలు 11 గంటలకు తగ్గదు, ఇక్కడ ఎనిమిదిన్నర గంటలు కూడా ఉండదు. ఆ ఉన్న కాసేపూ మబ్బు కిందే. దీనికి తోడు నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు. దానివల్ల ఎవరికి ఏం లాభమో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు. నాకు తెలిసిన నష్టం ఒకటుంది. ఇంటితో తేడా పన్నెండున్నర గంటలు ఉండేది పదమూడున్నర అవుతుంది, పొద్దున నాకు తీరిక దొరికేసరికి అమ్మ పడుకునే వేళవుతుంది.

ఇంకో కోపం కూడా ఇక్కడే వెళ్లగక్కుతాను. అమెరికా అపార్ట్‌మెంట్లలో చాలావాటికి హాల్లో సీలింగ్ లైటు ఉండదు! గోడ మీద స్విచ్ ఉంటుంది, అది నొక్కితే మూలనున్న ప్లగ్గుకు కరెంటు వస్తుంది, ఆ ప్లగ్గుకు మనం కొనుక్కున్న దీపం పెట్టుకోవాలి. అది ఇచ్చే పసుపు గుడ్డి వెలుతురులో బియ్యంలో రాయి కూడా కనపడదు. దీన్ని వీళ్లు ఆహ్లాదం అంటారు. మా లీజింగ్ ఆఫీసులో అడిగితే సీలింగ్‌కు రంధ్రం పెడితే డిపాజిట్ కోస్తామన్నారు. నేను హార్డ్‌వేర్ షాపు నుంచి గ్యారేజీల్లో వాడే నాలుగడుగుల తెల్ల ఎల్ఈడీ ట్యూబ్‌లైట్లు రెండు తెచ్చి, పుస్తకాల అల్మారా మీద పెట్టి ప్లగ్గులో గుచ్చాను. ఇంటికొచ్చిన తెల్లవాళ్లు ఆపరేషన్ థియేటర్‌లా ఉందంటారు. అననివ్వండి. మా ఇంట్లో సాయంత్రం ఆరింటికి ఆవలింతలు ఆగింది ఆ ట్యూబ్‌లైట్లతోనే అని నా గట్టి నమ్మకం. సైన్సు ఏమంటుందో తర్వాత చూసుకుందాం.

ఇప్పుడు మా బాపు సంగతి. సింగరేణి బొగ్గు బాయిలో అండర్‌గ్రౌండ్ కార్మికుడిగా చేసి రిటైరయ్యాడు. వేసవిలో రమ్మంటే వినకుండా, మనవడి పుట్టినరోజుకు ఉండాలని పట్టుబట్టి జనవరిలో వచ్చాడు. వచ్చిన వారమంతా పొగమంచు. ఎదురు బిల్డింగ్ కూడా కనపడలేదు. మంకీ క్యాప్ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చోవడం, టైమెంతయిందని అడగడం, సగం తిని లేవడం. అమ్మకు సీరియళ్లు ఉన్నాయి కాబట్టి బతికిపోయింది. ఒక రాత్రి బాపు అన్నాడు: "ఇది మన బాయి లెక్కనే ఉంది గదరా. అక్కడన్న షిఫ్టు అయినంక పైకొస్తుంటిమి."

ఆ మాటకు నాకేం చెప్పాలో తోచలేదు. శనివారం పొద్దున ఖమ్మం మిత్రుడొకడు ఫోన్ చేసి, పాస్ మీద ఎండ కాస్తోంది, పిల్లల్ని మంచులో ఆడిద్దాం పదమన్నాడు. ఇక్కడ పాస్ అంటే కొండలు దాటే కనుమ, స్నోక్వాల్మీ పాస్, ఐ-90 హైవే మీద తూర్పుకు వెళ్తే గంట కూడా పట్టదు. ఇసాక్వా దాటినా పొగమంచే, నార్త్ బెండ్‌లోనూ పొగమంచే, బాపు నన్ను చూసి వెనక్కి తిప్పమన్నట్టు చెయ్యి ఊపాడు. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు ఎక్కాలి. ఒక మలుపు తిరగ్గానే తెల్లదనం తెగిపోయింది. నీలంగా ఆకాశం, మంచు కొండలు, కళ్లు తెరవలేనంత ఎండ. మబ్బంతా కింద ఉండిపోయింది. మూడు వేల అడుగుల ఎత్తులో ఉన్నామా, అయినా కారులో చూపించే ఉష్ణోగ్రత మా ఇంటి దగ్గరికంటే ఎక్కువ. గాలి స్తంభించిన రోజుల్లో చల్లని బరువు గాలి పల్లంలో దిగబడి, దాని మీద వెచ్చని గాలి మూత వేస్తుంది. పొగమంచు ఆ మూత కిందే ఇరుక్కుంటుంది.

పాస్ మీదున్న హయాక్ దగ్గర బండి ఆపాం. చలికాలంలో అక్కడ బండి పెట్టాలంటే స్నో పార్క్ పర్మిట్ ముందే కొనుక్కోవాలి, లేకపోతే జరిమానా. ఖాళీ జాగా చూపించి డబ్బు అడగడం వీళ్ల దగ్గరే నేర్చుకోవాలి. పిల్లలు స్లెడ్డు పట్టుకుని పరిగెత్తారు. బాపు డిక్కీలోంచి మడత కుర్చీ తీసి, మంచులో గట్టిగా దిగేసి, సూర్యుడికి ఎదురుగా కూర్చున్నాడు. మంకీ క్యాప్ తీశాడు. కాసేపటికి జాకెట్ విప్పాడు. స్వెటర్ కూడా విప్పబోతుంటే అమ్మ అరిచింది. చొక్కా చేతులు పైకి మడిచి కళ్లు మూసుకున్నాడు. చుట్టూ గోల, మనవడు వచ్చి మంచు ఉండ వేసినా కదల్లేదు. పులిహోర పెట్టిస్తే కళ్లు మూసుకునే తిన్నాడు. నీడ కుర్చీ దాకా వస్తే కుర్చీ జరుపుకున్నాడు. బయల్దేరదామంటే ఒకటే మాట: "గింత ఎండ గంట దూరంల పెట్టుకొని కింద చీకట్ల కూసుంటున్నరేందిరా?" ఆ రాత్రి మారు అన్నం అడిగి వేయించుకున్నాడు.

కాబట్టి నా సలహా: రాష్ట్ర రవాణా శాఖ వాళ్లు పాస్ రోడ్డు మీద కెమెరాలు పెట్టారు, ఫోన్లో ఉచితంగా చూడొచ్చు. కింద తెల్లగా, పైన నీలంగా కనపడితే వంట మానేసి బయల్దేరండి, డిక్కీలో టైర్ల గొలుసులు వేసుకుని మరీ. పాస్ దాటితే, వానను కొండలు అడ్డుకునే వాననీడలో ఎలెన్స్‌బర్గ్, యాకిమా ఉన్నాయి. అక్కడ ఏడాదికి పది అంగుళాల వాన కూడా పడదు. కానీ చలికాలంలో ఆ లోయల్లోనూ పొగమంచు పట్టేస్తుంది, చూసుకుని వెళ్లండి.

డి విటమిన్ గురించి వాట్సాప్‌లో వచ్చేవన్నీ నమ్మకండి. ఇంత ఉత్తరాన చలికాలంలో ఎండలో కూర్చున్నా ఒంట్లో డి విటమిన్ దాదాపు తయారవదు, రక్తపరీక్ష చేయించి డాక్టరు చెప్పినంతే మాత్ర వేసుకోవాలి. మనసు సంగతి వేరు, దానికి కావాల్సింది కంట్లో పడే వెలుతురు. ఈ చలికాలపు దిగులును 1984లో జబ్బుగా గుర్తించి పేరు పెట్టిన డాక్టర్ నార్మన్ రోసెంతాల్ కూడా దక్షిణాఫ్రికా ఎండల నుంచి అమెరికా వచ్చినవాడే, అందుకే ఆయనకు తట్టిందని నా అభిప్రాయం. 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దీపాలు దొరుకుతాయి. పొద్దున లేవగానే అరగంట దాని ముందు కూర్చుని కాఫీ తాగొచ్చు. కళ్ల జబ్బులున్నవాళ్లు, మూడ్ విపరీతంగా అటూఇటూ అయ్యేవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా కొనకండి. తిండి, నిద్ర పూర్తిగా తప్పి, బతకాలనే అనిపించకపోతే దీపాలు, కొండలు చాలవు, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అన్నిటికంటే చవకైనది మధ్యాహ్నం నడక. మబ్బు పట్టిన మధ్యాహ్నమైనా బయటి వెలుతురు ఆఫీసు గదిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. గొడుగు వద్దు, ఇక్కడి వాళ్లెవరూ పట్టుకోరు, టోపీ ఉన్న రెయిన్ జాకెట్ చాలు. పన్నెండింటికి మీటింగులు పెట్టే మేనేజర్లు ఉంటారు. నేనైతే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ గంటను క్యాలెండర్‌లో 'డాక్టర్ అపాయింట్‌మెంట్' అని బ్లాక్ చేసేస్తాను. రోజూ ఏ డాక్టరని ఇంతవరకు ఎవరూ అడగలేదు.