చాట్ ప్రాజెక్టు కనెక్ట్ కావడం లేదు, జావా వదిలేయాలా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ ఫైనలియర్ చదువుతున్నాను. జావాలో రాసిన శాంపిల్ చాట్ అప్లికేషన్‌ను దించుకుని టామ్‌క్యాట్ 10 అనే వెబ్ సర్వర్లో పెట్టాను. సర్వర్ లేస్తోంది కానీ చాట్ కనెక్ట్ కావడం లేదు, 404 (అడిగింది దొరకలేదన్న ఎర్రర్) వస్తోంది. జావాస్క్రిప్ట్‌తో సర్వర్ రాసే నోడ్ జేఎస్‌కు మారిపోనా? ఈ ప్రాజెక్టును రెజ్యూమెలో పెట్టుకోవచ్చా?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ఒక 404 కోసం భాషే మార్చేసుకుంటారా? ముందు మీ కోడ్‌లో ఇంపోర్టులు చూడండి. అవి ‘జావాఎక్స్’తో మొదలవుతుంటే చిక్కు అక్కడే. టామ్‌క్యాట్ 10 నుంచి వెబ్‌కు సంబంధించిన ఆ ప్యాకేజీలు ‘జకార్తా’ పేరుకు మారాయి. పాత పేరుతో ఉన్న వెబ్‌సాకెట్ (బ్రౌజర్, సర్వర్ల మధ్య తెరిచే ఉండే కనెక్షన్) క్లాసును ఆ సర్వర్ పట్టించుకోదు, చాలాసార్లు ఎర్రర్ కూడా చూపదు. ఇంపోర్టులూ, బిల్డ్ ఫైల్లోని లైబ్రరీలూ మార్చండి, లేదా టామ్‌క్యాట్ 9లో నడపండి. సెటప్ మీదే అనుమానముంటే, టామ్‌క్యాట్‌తో పాటు వచ్చే ఎగ్జాంపుల్స్‌లో వెబ్‌సాకెట్ చాట్ ఉంటుంది. దాన్ని రెండు ట్యాబుల్లో తెరిచి చూస్తే తేలిపోతుంది.

ఇక రెజ్యూమె సంగతి. చాట్ అప్లికేషన్ లేని ఫ్రెషర్ రెజ్యూమె ఈ రోజుల్లో అరుదు, కాబట్టి నడిచిందన్నంత మాత్రాన ఎవరూ ఆగి చూడరు. అది ఎక్కడ ఆగిపోతుందో చెప్పగలిగితే ఇంటర్వ్యూ మీ చేతిలోకి వస్తుంది. అదే అప్లికేషన్‌ను 8080 పోర్టులో ఒకటి, 8081లో ఒకటి నడపండి (రెండో దానికి 8005 షట్‌డౌన్ పోర్టు కూడా మార్చాలి, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు). ఒక సర్వర్లో ఉన్నవాళ్ల మెసేజ్ రెండో దాన్లో ఉన్నవాళ్లకు చేరదు. శాంపిల్ కోడ్ కనెక్షన్ల జాబితాను తన మెమరీలోనే పెట్టుకోవడం దీనికి కారణం. మధ్యలో రెడిస్ పబ్-సబ్ (ఒక చోట వేసిన మెసేజ్‌ను వింటున్న అన్ని సర్వర్లకూ అందించేది) పెట్టి కలపండి. తర్వాత ఈ రెండు సర్వర్లకు ముందు, బ్రౌజర్ల రిక్వెస్టులను వాటికి పంచే ఇంజిన్‌ఎక్స్ పెట్టండి. అది అప్‌గ్రేడ్ హెడర్లు (వెబ్‌సాకెట్‌కు మారదామనే సూచనలు) సర్వర్‌కు పంపకపోతే బ్రౌజర్‌కు 101, అంటే ‘సరే, మారుదాం’ అన్న జవాబు రాదు, చాట్ మొదలే కాదు. అది సరిచేశాక కూడా ఎవరూ ఏమీ టైప్ చేయకపోతే 60 సెకన్లకు లైన్ తెగుతుంది. ఇంజిన్‌ఎక్స్ డిఫాల్ట్ టైమౌట్ అంతే. పింగ్ అనే చిన్న సంకేతాన్ని మధ్యమధ్యలో ఎందుకు పంపుతారో అప్పుడు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

నోడ్‌కు మారినా ఈ తలనొప్పులు మిమ్మల్ని వదలవు. నేర్చుకోవద్దనడం లేదు, ఇప్పుడు టెన్షన్‌తో మారొద్దంటున్నా. ఇదంతా అయ్యాక స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌కు వెళ్లండి. అందులోనూ మామూలుగా నడిచేది టామ్‌క్యాటే, కాకపోతే లోపల ఉంటుంది.