రాళ్లకే ఇరవై రెండు వేలా?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లికి నెక్లెస్ చూశాం. గోధుమ రంగులో తళుక్కుమనే ‘సన్ సితార’ రాళ్లు పొదిగారు. మొత్తం 28 గ్రాములు, అందులో రాళ్లు 7 గ్రాములు. రాళ్లకు విడిగా రూ.22,000 వేశారు. “సహజమైన సన్‌స్టోన్, ఎప్పుడు అమ్మినా డబ్బొస్తుంది” అంటున్నారు. తీసుకోమంటారా? – ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అడ్వాన్స్ కట్టకముందే అడిగారు, చాలా మంచిదైందమ్మా. సన్ సితార పేరుతో మన బజారులో అమ్మేది సాధారణంగా గాజే. రాగి కలిపిన గాజును కరిగించి, గాలి తగలకుండా నెమ్మదిగా చల్లారిస్తే లోపల రాగి సన్నసన్నని పలుకులుగా విడిపోతుంది. మీరు చూసిన తళుకు అదే. 17వ శతాబ్దంలోనే వెనిస్ గాజు పనివాళ్లు దీన్ని చేశారు. ముదురు నీలంలో చుక్కల ఆకాశంలా ఉండేదీ గాజే. అందంగా ఉంటుంది, కాదనను. కానీ ఈ పూసల దండ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది.

సహజమైన సన్‌స్టోన్ వేరే ఉంది. దానిలో మెరుపు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉంటుంది. గాజులో రాయంతా ఒకేలా నిండి ఉంటుంది. అయినా కంటిని నమ్మి అంత డబ్బు పెట్టకండి, జెమ్ ల్యాబ్ సర్టిఫికెట్ అడగండి.

రేపు అవసరానికి బ్యాంకులో కుదువ పెడితే 21 గ్రాముల బంగారానికే లోను ఇస్తారు. రాళ్ల విలువ కలపకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది. ఈ సంగతి లోను కౌంటర్ దగ్గర తెలిసి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లను చూశాను. హాల్‌మార్క్, హెచ్‌యూఐడీ (నగ మీద ముద్రించే గుర్తింపు కోడ్) ఉన్నాయి కదా అనుకోకండి, అవి చెప్పేది బంగారం స్వచ్ఛత గురించే.

ఇంకొకటి, తరుగు దేని మీద వేశారో చూడండి. 14 శాతం అనుకుంటే 28 గ్రాముల మీద 3.92 గ్రాములు, 21 మీద 2.94. దాదాపు ఒక గ్రాము బంగారం తేడా!

షాపులో ఒక్క మాట అడగండి: “బిల్లులో ‘సహజ సన్‌స్టోన్, 35 క్యారెట్లు’ అని రాసిస్తారా?” రాసిచ్చాక ల్యాబ్‌లో గాజని తేలితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా దారి చెబుతారు. ‘రాసివ్వం’ అంటే తీసుకోవద్దు. అమ్మాయికి ఆ తళుకే నచ్చితే, అదే రాయిని గాజు ధరకు వెండిలో చేయించండి. ఆ రూ.22,000 పెళ్లి ఖర్చుల ఖాతాలోనే ఉంచండి.