మా వాడు ఫుటీ ఆడతానంటున్నాడు, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. చాలా ఏళ్లుగా మెల్‌బోర్న్‌లో, టార్నీట్‌లో ఉంటున్నాం. మా బాబు ఇయర్ 10 చదువుతున్నాడు. చిన్నప్పుడు సరదాకి ఆస్‌కిక్‌లో (పిల్లలకు ఫుటీ నేర్పే కార్యక్రమం) చేర్పించాం, అప్పటి నుంచి ఫుటీ, అంటే ఇక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్, వదల్లేదు. ఈమధ్య వెస్టర్న్ జెట్స్ వాళ్లు అండర్-16 ట్రయల్స్‌కి పిలిచారు. కోచ్ కూడా వీడు పైకి వస్తాడంటున్నారు. దాంతో వీడు ఫుటీలో అన్నిటికంటే పై లీగ్ అయిన ఏఎఫ్‌ఎల్‌లో ప్లేయర్‌నే అవుతానని, ట్యూషన్లు మానేస్తానని పట్టుబట్టాడు. మావారికి వాడిని డాక్టర్‌ని చేయాలని ఉంది. 'కనీసం క్రికెట్ అయినా కాదు, ఒళ్లు హూనం చేసుకునే ఈ ఆటేంటి' అంటారు. చదువులో బాగానే ఉంటాడు. ఇద్దరి మధ్య నాకు టెన్షన్. అసలు ఇది కెరీర్ అవుతుందా? మా పాప కూడా అన్నయ్యతో పాటు ఆడతానంటోంది, దాని సంగతీ చెప్పండి.

జవాబు: ముందు సూటిగా రెండు మాటలు. ఏఎఫ్‌ఎల్ నిజమైన కెరీరే, మీ అబ్బాయిని ప్రయత్నించనివ్వండి. ట్యూషన్లు మాత్రం మానకూడదు. ఈ రెండూ ఒకేసారి, మీరిద్దరూ కలిసి కూర్చుని వాడికి చెప్పండి. రెండోది మాత్రమే చెబితే ఆట మాన్పించడానికే చదువు పేరెత్తుతున్నారని అనుకుంటాడు. మొదటిదే చెప్పి ఊరుకుంటే పద్దెనిమిదేళ్లకు ఏ దారీ లేకుండా మిగిలిపోవచ్చు.

క్రికెట్ అయినా కాదు అన్న మీవారి మాటకు వద్దాం. మనం పెరిగిన చోట ఆట అంటే క్రికెట్టే కాబట్టి ఆయనకు అలా అనిపించడం సహజం. కానీ ఆస్ట్రేలియాలో జీతానికి ఆడే ఉద్యోగాలు ఫుటీలోనే ఎక్కువ. ఏఎఫ్‌ఎల్‌లో 18 క్లబ్బులున్నాయి, 2028లో టాస్మేనియా పంతొమ్మిదోదిగా చేరబోతోంది. ఒక్కో క్లబ్బు 40 మందికి పైగా ఆటగాళ్లను పెట్టుకుంటుంది. అంటే ఏ సీజన్‌లో చూసినా దాదాపు 800 మంది మగపిల్లలకు ఇదే ఉద్యోగం. క్రికెట్‌లో ఉన్నవి ఆరు రాష్ట్ర జట్లు. అలెక్స్ కీత్ అనే కుర్రాడు గోల్డ్ కోస్ట్ క్లబ్బు పిలిచినా కాదని క్రికెట్‌కే వెళ్లాడు, విక్టోరియాకు ఆడాడు. అక్కడ నిలదొక్కుకోలేక కొన్నేళ్ల తర్వాత ఫుటీకి తిరిగొచ్చి అడిలైడ్‌కు, తర్వాత వెస్టర్న్ బుల్‌డాగ్స్‌కు ఆడాడు. క్రికెట్ భద్రమైన దారి, ఫుటీ ప్రమాదమైన దారి అని గీత గీయడం ఇక్కడ కుదరదు.

ఇక లోపలికి వెళ్లే గుమ్మం. దాని పేరు డ్రాఫ్ట్, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి. ఆ ఏడాది డిసెంబర్ 31 లోపు 18 ఏళ్లు నిండే పిల్లలకు ఇందులో అర్హత వస్తుంది. నవంబర్‌లో జరిగే నేషనల్ డ్రాఫ్ట్‌లో దేశం మొత్తం మీద సుమారు 60 నుంచి 70 మందిని తీసుకుంటారు. రూకీ డ్రాఫ్ట్, సీజన్ మధ్యలో జరిగే డ్రాఫ్ట్ కలుపుకుంటే ఇంకొందరు. విక్టోరియాలో ఆ 18 ఏళ్ల పిల్లలు ఎక్కువగా వచ్చేది కోట్స్ టాలెంట్ లీగ్ నుంచి. వెస్టర్న్ జెట్స్ ఆ లీగ్‌లోదే, మెల్‌బోర్న్ పడమటి వైపు పిల్లలను చూసుకునేది వాళ్లే. అంటే మీ వాడికి వచ్చిన పిలుపు చిన్నదేం కాదు. అలాగని అది సీటు కూడా కాదు. ట్రయల్స్ తర్వాత స్క్వాడ్, స్క్వాడ్ తర్వాత అండర్-18 టీమ్, అక్కడ మెరిస్తే విక్ మెట్రో (మెల్‌బోర్న్ పిల్లల జట్టు) తరఫున జాతీయ చాంపియన్‌షిప్, ఆ తర్వాత డ్రాఫ్ట్ కంబైన్ అనే పరీక్షలు. ప్రతి మెట్టు దగ్గరా చాలామంది ఆగిపోతారు. వాళ్లలో బాగా ఆడేవాళ్లూ ఉంటారు. ఈ సంగతి వాడికి ఇప్పుడే తెలిసి ఉంటే, ఎక్కడైనా ఆగిపోయిన రోజున తను పనికిరానివాడినని అనుకోడు.

మీరు అన్నిటికంటే జాగ్రత్తగా ఆలోచించాల్సింది ఇయర్ 12 గురించి. నా దగ్గరికి వచ్చే కుటుంబాలు దీన్ని చివరి నిమిషం దాకా చూడవు. ఆ ఏడాది లీగ్ సీజన్ మార్చిలో మొదలై సెప్టెంబర్ దాకా సాగుతుంది. అండర్-18 చాంపియన్‌షిప్ జూన్, జూలైల్లో. మెడిసిన్ కోసం రాసే యూక్యాట్ జూలైలోనే మొదలవుతుంది. కంబైన్ అక్టోబర్ మొదట్లో. 20 మీటర్ల పరుగు, 2 కిలోమీటర్ల పరుగు, ఎగిరి అందుకునే ఎత్తు అన్నీ అక్కడ కొలుస్తారు, క్లబ్బులవాళ్లు ఇంటర్వ్యూ కూడా చేస్తారు. ఆ అక్టోబర్ చివర్లోనే వీసీఈ (విక్టోరియాలో ఇయర్ 11, 12 చదువు) రాత పరీక్షలు మొదలై నవంబర్‌లో ముగుస్తాయి. ఆ వెంటనే డ్రాఫ్ట్. యూనివర్సిటీ సీట్లకు చూసే ర్యాంకు, ఏటార్, వచ్చేది డిసెంబర్‌లో. పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లవాడి జీవితంలో రెండు పెద్ద పరీక్షలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయన్నమాట.

దీనికి మందు ఇయర్ 12లో దొరకదు, ఇప్పుడే ఉంది. వీసీఈలో అన్ని సబ్జెక్టులూ ఒకే ఏడాది పూర్తి చేయాలన్న నియమం లేదు. ఇయర్ 11లోనే ఒక సబ్జెక్టు యూనిట్ 3, 4 (మామూలుగా ఇయర్ 12లో చదివే భాగం) పూర్తి చేయడం ఇక్కడ మామూలే. కుదిరితే రెండు. అప్పుడు ఇయర్ 12లో భారం తగ్గుతుంది. ఇంకా తేలిక కావాలంటే వీసీఈని మూడేళ్లకు సాగదీయడానికీ వీలుంది. మనవాళ్లు దాన్ని ఏడాది వృథా అనుకుంటారు కానీ ఆటలో గట్టిగా ఉన్న పిల్లలకు అది తెలివైన ఏర్పాటు. సబ్జెక్టుల ఎంపికలో మాత్రం రాజీ పడొద్దు. ఇంగ్లిష్ ఎలాగూ ఉంటుంది. కెమిస్ట్రీ, మ్యాథ్స్ మెథడ్స్ ఉంచుకుంటే డాక్టర్, ఫిజియో, ఇంజినీర్ ఏ దారీ మూసుకుపోదు. ఆట కోసమని తేలిక సబ్జెక్టులకు మారితే ఆ తర్వాత వెనక్కి రావడం కష్టం.

మీవారికి ఒక సంగతి చెప్పండి. ఇక్కడ డాక్టర్ కావడానికి ఇయర్ 12 ఒక్కటే అవకాశం కాదు. మెల్‌బోర్న్ యూనివర్సిటీ, డీకిన్ రెండింట్లోనూ డిగ్రీ అయ్యాక గామ్‌శాట్ రాసి మెడిసిన్‌లో చేరొచ్చు. పాతికేళ్లకు చేరేవాళ్లు ఎందరో ఉన్నారు. ఫుటీకి మాత్రం ఆ వెసులుబాటు తక్కువ, శరీరం ఉన్నప్పుడే ఆడాలి. ఏది ఆగగలదో ఏది ఆగలేదో చూసుకుంటే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

సరే, డ్రాఫ్ట్ అయ్యాడనుకుందాం. మన ఇళ్లలో ఉద్యోగం వచ్చిందంటే ఇక స్థిరపడ్డాడని ఊపిరి పీల్చుకుంటాం. ఇక్కడ మొదటి కాంట్రాక్టు సాధారణంగా రెండు మూడేళ్లది. ప్రతి క్లబ్బూ ఏటా కొందరిని వదిలేసి కొత్తవాళ్లను తీసుకుంటుంది కాబట్టి ఇరవై, ఇరవై ఒకటికే బయటికి వచ్చే పిల్లలు ఉంటారు. పైగా క్లబ్బును ఎంచుకునేది మీరు కాదు, వాళ్లే మీ వాడిని ఎంచుకుంటారు. పెర్త్‌లోని ఫ్రీమాంటిల్ క్లబ్బు మీ వాడి పేరు చదివితే నెల తిరక్కుండా సూట్‌కేసు సర్దుకోవాలి. వంట, బట్టలు, డబ్బు లెక్క తనే చూసుకోగలగాలి. ఇవి ఇప్పటి నుంచే నేర్పండి.

డబ్బు గురించి మీరు అడగలేదు కానీ మీవారి మనసులో ఉండే ఉంటుంది. ఏఎఫ్‌ఎల్, ఆటగాళ్ల సంఘం 2023లో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం 2027 నాటికి సగటు జీతం ఏడాదికి 5 లక్షల డాలర్లు దాటుతుంది. ఈ అంకె చూసి మురిసిపోకండి. అది పెద్ద స్టార్లను కూడా కలిపి వేసిన సగటు. కొత్తగా వచ్చిన కుర్రాడి చేతికి అందేది దానికంటే చాలా తక్కువ. అయినా పద్దెనిమిదేళ్లకు అది మంచి జీతమే. మూడేళ్లే ఆడినా జాగ్రత్తగా దాచుకుంటే చదువుకు అప్పు లేకుండా బయటపడొచ్చు. ఆడుతూ చదువుకునేవాళ్లకు ఆటగాళ్ల సంఘం సాయం చేస్తుంది. యూనివర్సిటీ సీటు వచ్చి డ్రాఫ్ట్ కూడా అయితే సీటు వదులుకోనక్కర్లేదు. వాయిదా అడగొచ్చు, లేదా ఏడాదికి ఒకటి రెండు సబ్జెక్టులతో నెమ్మదిగా చదవొచ్చు.

డ్రాఫ్ట్ కాలేదనుకుందాం. కథ అక్కడితో అయిపోదు. ఏఎఫ్‌ఎల్ కింది స్థాయిలో విక్టోరియాలో వీఎఫ్‌ఎల్, అడిలైడ్‌లో సాన్‌ఫుల్, పెర్త్‌లో వాఫుల్ లీగులున్నాయి. చదువుకుంటూనో ఉద్యోగం చేసుకుంటూనో అక్కడ ఆడొచ్చు, కొంత డబ్బూ వస్తుంది. మార్లియన్ పికెట్ ఆ దారిలో వచ్చినవాడే. 2019లో సీజన్ మధ్యలో జరిగిన డ్రాఫ్ట్‌లో, 27 ఏళ్ల వయసులో రిచ్‌మండ్ అతణ్ని తీసుకుంది. మొదటి ఏఎఫ్‌ఎల్ మ్యాచే ఎంసీజీలో గ్రాండ్ ఫైనల్, ఆ రోజు కప్పు గెలిచారు. జిలాంగ్ డిఫెండర్ టామ్ స్టువర్ట్‌ను కూడా ఇరవై మూడేళ్లకు తీసుకున్నారు. ఇలాంటివాళ్లు కొద్దిమందే. కానీ పద్దెనిమిదికి రాకపోతే జన్మలో రాదన్నది నిజం కాదు.

ఆడకుండా ఆ ఆటలోనే బతికేవాళ్లూ చాలామంది. ఫిజియోథెరపిస్టులు, ఫిట్‌నెస్ కోచ్‌లు, సైకాలజిస్టులు, మ్యాచ్ గణాంకాలు చూసే అనలిస్టులు ప్రతి క్లబ్బులో ఉంటారు. చదువులో బాగానే ఉండి ఆట లోపలి నుంచి తెలిసిన పిల్లవాడికి అక్కడ విలువ ఉంటుంది.

ఒళ్లు హూనం అన్న మాటను నేను తేలిగ్గా తీసుకోను. మీవారి భయంలో న్యాయం ఉంది. ఎత్తు, ఒడ్డూ పొడుగూ గురించైతే బెంగ పడకండి. నార్త్ మెల్‌బోర్న్‌కు 432 మ్యాచ్‌లు ఆడిన బ్రెంట్ హార్వీ ఎత్తు 167 సెంటీమీటర్లు, 2016లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ కప్పు గెలిచిన జట్టులోని కేలబ్ డేనియల్ 168. మోకాలి లిగమెంట్ తెగితే దాదాపు ఏడాది పోతుంది, అయినా చాలామంది తిరిగొస్తారు. నేను నిజంగా భయపడేది తలకు తగిలే దెబ్బలకు. మెల్‌బోర్న్ క్లబ్బు ఆటగాడు యాంగస్ బ్రేషా తలకు పదేపదే దెబ్బలు తగిలి 2024లో, 28 ఏళ్లకే రిటైర్ అయ్యాడు. చనిపోయిన కొందరు మాజీ ఆటగాళ్ల మెదళ్లలో పదేపదే తలదెబ్బలతో వచ్చే సీటీఈ అనే జబ్బు బయటపడింది. ఇప్పుడు ఏఎఫ్‌ఎల్‌లో కంకషన్ అయితే, అంటే తలదెబ్బకు మెదడు అదిరితే, కనీసం 12 రోజులు ఆడనివ్వరు. పిల్లల, స్థానిక ఆటల్లో కనీసం 21 రోజులు ఆగాలి. మీ ఇంట్లో ఒక కచ్చితమైన నియమం పెట్టండి. తలకు దెబ్బ తగిలితే దాచకుండా చెప్పాలి, డాక్టర్ ఒప్పుకునే వరకు మ్యాచ్ లేదు, అది ఫైనల్ అయినా సరే. ట్రయల్స్ పోతాయని భయపడి పిల్లలు దాస్తారు. చెప్పినందుకు మీరు తిట్టరని వాడికి నమ్మకం కుదిరేలా చేయాల్సింది మీరే.

క్లబ్బు దగ్గర రెండు సంగతులు కనుక్కోండి. ఆసియా, ఆఫ్రికా మూలాలున్న కుటుంబాల పిల్లల కోసం ఏఎఫ్‌ఎల్ క్లబ్బులకు నెక్స్ట్ జనరేషన్ అకాడమీలున్నాయి. మీ ఇల్లు ఏ క్లబ్బు పరిధిలోకి వస్తుందో, మీ వాడికి అర్హత ఉందో లేదో జెట్స్ వాళ్లను అడగండి. రెండోది ఏజెంట్ల సంగతి. కుర్రాడు కాస్త మెరిస్తే ఫోన్లు మొదలవుతాయి. ఆటగాళ్ల సంఘం గుర్తింపు లేని ఎవరితోనూ మాట్లాడొద్దు. గుర్తింపు ఉన్నా ఇయర్ 10లో సంతకాలకు తొందర లేదు.

పాపను తప్పకుండా ఆడనివ్వండి. ఆస్ట్రేలియా ఆడవాళ్ల సాకర్ జట్టు మటిల్డాస్ కెప్టెన్ సామ్ కెర్ చిన్నప్పుడు ఆడింది ఫుటీనే. వాళ్ల నాన్న కోల్‌కతాలో పుట్టినవారు. అన్న డేనియల్ వెస్ట్ కోస్ట్ ఈగిల్స్ తరఫున 2006లో కప్పు గెలిచాడు. ఆ అమ్మాయి మాత్రం పన్నెండేళ్లకే ఫుటీ వదిలి సాకర్‌కు మారాల్సి వచ్చింది, అప్పట్లో ఆడపిల్లలకు పైకి వెళ్లే దారే లేదు. 2017లో ఆడవాళ్ల లీగ్ ఏఎఫ్‌ఎల్‌డబ్ల్యూ మొదలైంది, ఇప్పుడు 18 క్లబ్బులకూ ఆడవాళ్ల జట్లున్నాయి. జీతాలు మగవాళ్లకంటే చాలా తక్కువే, ఎక్కువమంది పక్కన ఇంకో పని చేసుకుంటారు. 2027 నాటికి సగటు 82,000 డాలర్లకు పెంచుతామని అదే ఒప్పందంలో ఉంది. మీ పాప ఆ వయసుకు వచ్చేసరికి పరిస్థితి ఇంకా మెరుగ్గా ఉంటుందని నా నమ్మకం.

మీవారిని ఒక్క మ్యాచ్‌కైనా తీసుకెళ్లండి. వెళ్లేముందు మీ వాడి చేతే రూల్స్ చెప్పించుకోమనండి. నాలుగు స్తంభాలలో మధ్య రెండింటి మధ్యగా తన్నితే ఆరు పాయింట్లు, పక్కకు పోతే ఒకటి అన్నంత తెలిసినా చాలు. మన పిల్లలు చాలామంది తల్లిదండ్రులు రాని మ్యాచ్‌లే ఆడుతూ పెరుగుతున్నారు, అది నాకు బాధగా ఉంటుంది.

ట్రయల్స్ ఫలితం ఎలా వచ్చినా, ఇయర్ 11 సబ్జెక్టుల ఎంపిక ఈ ఏడాది టర్మ్ 3లోనే ఉంటుంది. ఆ ఫారం నింపే ముందు మీరు, మీవారు, అబ్బాయి ముగ్గురూ స్కూల్లో కెరీర్స్ టీచర్‌ని కలవండి. జెట్స్ ట్రైనింగ్ రోజులు, ప్రయాణానికి పట్టే సమయం ఒక కాగితం మీద రాసుకెళ్లి, యూనిట్ 3, 4 సబ్జెక్టు ఏది ముందుగా తీసుకుంటే మంచిదో ఆయన్నో ఆమెనో అడగండి.